గంపెడు ఫోన్లు

మొదటి రోజు యుమ్నా పట్టించుకోలేదు. రెండో రోజు చూసీ చూడనట్టు ఊరుకుంది. మూడో రోజు కూడా ఆ మనిషి రోడ్డవతల స్తంభానికి ఆనుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని, తన దుకాణం వైపే చూస్తూ కనబడేసరికి ఒళ్ళు మండింది. విప్పుతున్న ఫోనును బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్ మాత్రం చేతిలోనే ఉంచుకుని, చరచరా రోడ్డు దాటింది.

"ఏమయ్యా, మూడు దినాల సంది ఏం జూస్తున్నవ్? దుకాణం ఎన్నడు జూడలేదా, ఆడపిల్లను ఎన్నడు జూడలేదా?"

అతను ఉలిక్కిపడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఎండకు ముఖం కమిలిపోయింది. మెడలో ఐడీ కార్డు గాలికి తిరగబడి ఉంది.

"మిమ్ముల జూస్తలేను మేడం. మందిని జూస్తున్న."

"ఏ మందిని?"

"మీ దుకాణం ముంగట నిలబడ్డ మందిని. ఇప్పుడు రెండు వందల మంది ఉన్నరు."

యుమ్నా వెనక్కి తిరిగి చూసింది. దుకాణం మెట్టు మీద ఒక కుక్క పడుకుని ఉంది. అంతే.

"ఎండ దెబ్బ తగిలినట్టుంది. నీళ్ళు తాగుతవా?"

"తాగుత," అన్నాడతను వెంటనే. తిట్లకు బదులు చెప్పడం కంటే ఆ పని సులువని అతనికి తోచినట్టుంది.

అతని పేరు సాద్. సొంతూరు పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఆసిఫాబాద్. హైదరాబాదులో ఒక కంపెనీలో పని. కరీంనగర్‌లో కాలినడకన తిరిగే జనం ఏ దారిన ఎక్కువ పోతారో తెలుసుకుని, ఎక్కడ రోడ్డు దాటే చోటు పెట్టాలో, ఎక్కడ ఫుట్‌పాత్ వెడల్పు చేయాలో చెప్పడం ఆ కంపెనీ ఒప్పుకున్న పని. అందుకోసమే స్తంభాలకు అరచేతంత తెల్ల డబ్బాలు బిగించారు.

"గా డబ్బా మా ఫోన్లల్ల ముచ్చట్లు ఇంటదా?" గ్లాసు అందిస్తూనే అనుమానంగా అడిగింది యుమ్నా.

"లేదు మేడం. జేబుల ఉన్న ఫోను ఊకనే ఉండదు. వైఫై ఏడున్నది, ఏడున్నది అని పిలుస్తనే ఉంటది. డబ్బా గా పిలుపును లెక్క పెడ్తది, అంతే. ఎవల ఫోనో దానికి తెల్వది. దాని లెక్కల కరీంనగర్ మొత్తంల మీ దుకాణం ముంగట ఉన్నంత మంది ఇంకేడ లేరు. గా మందిని కండ్లతోని జూద్దమని అచ్చిన."

"'అచ్చిన' అంట! మీ ఆదిలాబాదోళ్ళు 'వ'ను ఏడ పారేస్తరు?"

"తొవ్వల బరువైతదని అక్కన్నే ఇడిచిపెట్టి అస్తం."

యుమ్నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదని స్క్రూడ్రైవర్ వైపు చూసింది.

అంతలో చినుకులు మొదలయ్యాయి. ముందు రేకుల మీద రెండు, తర్వాత కుక్క మీద నాలుగు, ఆ తర్వాత ఇక లెక్కలేదు. సాద్ ట్యాబ్‌ను చొక్కా లోపల దాచుకుని దుకాణం లోపలికి జరిగాడు. జరిగినవాడు జరిగినట్టే ఆగిపోయాడు.

వెనక గోడకు మూడు వరసల అర ఉంది. అర నిండా ఫోన్లు. పాతవి, కొత్తవి, మూలలు పగిలినవి, నలభై దాకా ఉంటాయి. ఒక్కొక్కదాని వెనక పేరు రాసిన స్టిక్కర్. ఒక్కొక్కదానికి ఒక ఛార్జింగ్ తీగ. అన్నీ వెలుగుతున్నాయి.

"ఇవన్ని ఆన్ ఉన్నయా?"

"ఉన్నయి."

"అన్నీ? వైఫై కూడ?"

"మా దుకాణం వైఫై. ఏమాయె?"

సాద్ అక్కడున్న స్టూలు మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "దొరికిండ్రు! రెండు వందల మంది దొరికిండ్రు! కొత్త ఫోన్లు మాటిమాటికి పేరు మార్చుకుంటయి మేడం, ఎవలు గుర్తువట్టకుండ. ఒక్క ఫోనే పది సార్లు పిలిస్తే, డబ్బా పది మంది అచ్చిండ్రనుకుంటది!"

"నవ్వకు," అంది యుమ్నా. ఆ గొంతు విని అతను టక్కున ఆపేశాడు. "అవి మంది ఇడిచిపెట్టి పోయిన ఫోన్లు. రిపేరుకు ఇచ్చిండ్రు, మళ్ళ రాలె. కొందరు దుబాయ్ పోయిండ్రు, కొందరు కొత్తది కొనుక్కున్నరు."

"మరి బంద్ చేసి పెట్టచ్చు గదా?"

ఆమె ఒక ఫోను తీసి చూపించింది. వెనక 'కమలవ్వ' అని ఉంది. "డిస్‌ప్లే పలిగిందని ఇచ్చి పోయింది. గా సాయంత్రమే దీనికి ఐమో యాప్‌ల నెట్ కాల్ వచ్చింది. ఎత్తిన. ఆమె కొడుకు అరుణ్, మస్కట్‌ల ఉంటడు. 'గీ కంపెనీ ఇడిచిపెడుతున్న, గీ నంబరు ఇగ ఉండదు, మా అవ్వకు చెప్పుండ్రి' అన్నడు. చెప్పిన. తర్వాత ఆమె కొత్త ఫోను కొనుక్కున్నది, గిది గీన్నే ఉండిపోయింది. గని గా దినం నేను ఎత్తకపోతే? కొడుకు ఏడున్నడో తల్లికి ఎట్ల తెలుస్తుండె? గప్పటి సంది ఏ ఫోను బంద్ చెయ్యలే నేను."

సాద్ ఈసారి నవ్వలేదు.

యుమ్నా ఇంట్లో అందరూ పోయేవాళ్ళే. అమ్మీ చిన్నప్పుడే లోకాన్ని విడిచింది. తండ్రి అబ్బాస్ సౌదీలోని దమ్మాములో ఉంటాడు. ఈ దుకాణం పెట్టిన అన్న హారిస్ పని నేర్పించి, తాళాలు చేతిలో పెట్టి దోహా వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలింది తనూ, తను నానీ అని పిలిచే అమ్మమ్మ బిస్మిల్లా బీ. ఎవరైనా పోయిన రోజు, వాళ్ళు విమానం దిగి ఫోన్ చేసేదాకా మధ్యలో ఉండే గంటలు ఎలా ఉంటాయో యుమ్నాకు బాగా తెలుసు. ఆ గంటల్లో ఎత్తేవాళ్ళు లేని ఫోను ఎక్కడా ఉండకూడదని ఆమె పట్టుదల.

వాన తగ్గాక సాద్ లేచి, గుమ్మంలో ఆగాడు. "ఒక ముచ్చట చెప్పాలె. గీ లెక్క వల్ల రోడ్డు దాటే చోటు మీ దుకాణం ముంగటికి అస్తది. మీకు గిరాకీ పెరుగుతది."

"మంచిదే గదా?"

"బీడీ కార్ఖానా మలుపు కాడ డివైడర్ల సందు ఉన్నది జూడు, దాన్ని రెయిలింగుతోని మూసేస్తరు. గాడ మంది లేరని లెక్క చెప్తుంది."

యుమ్నా ముఖంలో రంగు మారింది. ఆమె నానీ రోజూ చుట్టిన బీడీలు గంపలో పెట్టుకుని రోడ్డు దాటేది ఆ సందులోంచే.

* * *

మర్నాడు ఇద్దరూ కార్ఖానా మలుపులో నిలబడ్డారు. గ్రానైటు బండలు మోసుకుపోయే లారీలు భూమి అదిరేలా పోతున్నాయి. ఆ లారీల మధ్యలోంచి ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా, చంకలో గంప, ఇంకో చెయ్యి గాలిలో అడ్డం పెట్టి, రోడ్డు దాటుతున్నారు. సాద్ వాళ్ళను చూశాడు, ట్యాబ్ చూశాడు. ట్యాబ్‌లో నలుగురే ఉన్నారు. అందులో ఒకటి అతని ఫోను, ఇంకోటి యుమ్నాది.

"ఏం సారూ, మమ్ముల లెక్క పెడుతున్నవా? పింఛన్ ఇస్తరా?" దాటి వచ్చిన యాదవ్వ అనే ముసలామె గంప దించుతూ అడిగింది.

"మీకు ఫోను లేదా అవ్వా?"

"ఎందుకు లేదు? ఇంట్ల ఉన్నది. మనుమడు బొమ్మలు జూస్తడు. గుంజుకుంటే బువ్వ తినడు."

వెనకే బిస్మిల్లా బీ వచ్చింది. పోయిన చలికాలం ఇక్కడే బైకు తగిలి దెబ్బతిన్న మోచేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఉంది. "నాకైతే ఫోనే వద్దు బేటా. నా చేతులు బీడీలు చుట్టాల్నా, అద్దం రుద్దాల్నా?" అని, మనవరాలి వైపు తిరిగింది. "గీ పోరడేనా నిన్న 'అచ్చిన' అన్నది?"

"నానీ!" యుమ్నా చెవులు ఎర్రబడ్డాయి.

సాద్ అక్కడినుంచే కంపెనీలో తన పైఅధికారి కుమార్‌కు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో కుమార్ గొంతు గట్టిగా వినిపించింది. "నువ్వు కండ్లతోని చూసింది రిపోర్టుల రాయలేం సాద్. మిషన్ తప్పైతే మిషన్‌తోనే చూపించు. ఒక్క దినం ఆ ఫోన్లు బంద్ చేయమను. లెక్క పడిపోతే ఒప్పుకుంట. లేకపోతే శుక్రవారం ఇదే రిపోర్టు పోతది. ఎట్లయినా శుక్రవారం సంది నీకు నాందేడ్‌ల కొత్త పని ఉన్నది."

సాద్ యుమ్నా వైపు చూశాడు. ఆమె అప్పటికే తల అడ్డంగా ఊపుతోంది.

"ఒక్క దినమే యుమ్నా."

"గా ఒక్క దినమే వస్తది ఫోను."

"ఎవలి ఫోను?"

"అది తెలిస్తే ఇంత పరేషాన్ ఎందుకు?"

"మీ నానీ గీడ రోడ్డు దాటుతది."

"తెలుసు! నాకు చెప్పకు!" అని, గిరుక్కున తిరిగి ఆటో ఎక్కేసింది. ఆటోలో కూర్చున్నాక గాని తెలియలేదు, మొదటిసారి అతను మేడం అనకుండా పేరు పెట్టి పిలిచాడని.

* * *

మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తేసరికి సాద్ మెట్టు మీద ఉన్నాడు. పక్కన కుక్క, ఒళ్ళో గంప. అది బిస్మిల్లా బీ బీడీల గంప, పొద్దున్నే ఆమెను అడిగి తెచ్చుకున్నట్టుంది.

"బంద్ చెయ్యద్దు," అన్నాడు. "ఆన్‌లనే ఉంచుదం. గీడ ఉండకుంటే చాలు గదా. మానేరు డ్యాం కట్ట మీదికి తీస్కపోత. ఆఫీసు డాంగిల్ ఉన్నది, అన్నిటికి నెట్ అందుతది. ఏ ఫోను మోగినా నేను ఎత్తుత."

యుమ్నా గంప వైపు, అర వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత ఒక్కొక్క ఫోనూ తువ్వాలులో చుట్టి గంపలో పేర్చుతూ మొదలుపెట్టింది. "మూడు సార్లు మోగక ముందే ఎత్తాలె. ఎవలని గద్దించద్దు. ఫలానా వాళ్ళ ఫోనని చెప్పాలె. సిగ్నల్ మంచిగుండేది కట్ట మీదనే, ఆటోల గిటోల కూసోవద్దు. ముత్తయ్య ఫోను జల్ది దిగిపోతది, పవర్ బ్యాంక్ పెట్టు. నీళ్ళ పొంటి పోవద్దు."

"నేను పోయేది ఫోన్లు కాయడానికా, చిన్న పిల్లలను కాయడానికా?"

"ఏదన్నా పోతే ఎవరు జవాబుదారు?"

"నేనే," అన్నాడు సాద్. గంప నడుముకు ఎత్తుకుని, ట్యాబ్ ఆమె చేతిలో పెట్టి, ఆటో ఎక్కాడు. గంప కన్నం లోంచి వెలుతురు మిణుకు మిణుకుమంటోంది.

ఖాళీ అర చూస్తే యుమ్నాకు దిగులేసింది. ట్యాబ్‌లో దుకాణం ముందరి జనం తగ్గుతూ తగ్గుతూ వచ్చారు. నూరు, యాభై, పది. మధ్యాహ్నానికి ఇద్దరే మిగిలారు. తను, ఎదురుగా చెప్పులు కుట్టే కైలాసం.

గెలిచినట్టే. కానీ చేతిలో పని నిలవడం లేదు. ఒక ఫోను మూత తీసి మళ్ళీ పెట్టింది. లేచి రోడ్డు చూసింది, కూర్చుంది. మబ్బు పడుతోందా? గొడుగు ఉందో లేదో. డ్యాం దగ్గర దొంగలుంటారా? అసలు ఇతను ఎవరు? ఆసిఫాబాద్‌లో ఏ గల్లీ? ఎవరి కొడుకు? ఇంతమంది ఫోన్లు గంపకెత్తి ఒక పరాయి మనిషికి ఇచ్చేసిందా తను!

ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకుని నాలుక కరుచుకుంది. అతని నంబరు తీసుకోలేదు.

కాసేపు ఆలోచించి కమలవ్వ ఫోనుకు ఐమోలో చేసింది. రెండో మోతకే ఎత్తాడు.

"హలో, కమలవ్వ ఫోను. ఆమె లేదు, నేను ఆమె తరఫున. చెప్పుండ్రి."

"నేనే, యుమ్నాను."

"అరె! మంచిగ మాట్లాడిననా?"

"పర్వలేదు. ఎవలన్న చేసిండ్రా?"

"ఒకాయన లోన్ కావాల్నా అన్నడు, వద్దన్న. 'రాయికల్ పోరడు' అని రాసున్న ఫోనుకు ఒక పిల్ల చేసింది. నేను ఎత్తంగనే 'ఎవడ్రా నువ్వు' అని దులిపింది. మస్తు తిడ్తది. మీ దగ్గర ట్యూషన్‌కు అస్తదా?"

యుమ్నా నవ్వుతూ పెట్టేసింది. పది నిమిషాలకు ముత్తయ్య ఫోనుకు చేసింది. "పవర్ బ్యాంక్ పెట్టినవా?" "పెట్టిన." ఇంకొంచెం సేపటికి మమతారాణి ఫోనుకు. "తిన్నవా?" "కంకులు తిన్న. కాల్చినయి." ఆ తర్వాత ఇంకెవరిదో ఫోనుకు. "గొడుగు ఉన్నదా?"

"ఒకటున్నది." అటు గాలి చప్పుడు పెరిగింది. "యుమ్నా, జర ఒక ముచ్చట అడుగుత. గీ ఫోను దీపికదని స్టిక్కర్ మీదున్నది. ఇందాక కమలవ్వ, ముత్తయ్య, మమతారాణి. ఇప్పుడు నువ్వు చేసింది ఎవలికి?"

ఆమె జవాబు వెతుక్కునే లోపే ఉరుము వినిపించింది. లైను తెగిపోయింది.

కమలవ్వకు చేసింది. పోలేదు. ముత్తయ్యకు చేసింది. పోలేదు. మమతారాణి, దీపిక, అందరూ ఒక్కసారిగా మాయమైపోయారు. బయట వాన కుండపోతగా దిగింది. యుమ్నా సగం షట్టర్ దించి, కైలాసాన్ని చూసుకోమని కేక పెట్టి, ఆటో పట్టుకుంది. దారి పొడుగునా ఆటో పక్కకు దించిన ప్లాస్టిక్ పరదాకు అంటిన నీళ్ళను చేత్తో తుడుస్తూనే ఉంది, అవి బయటివైపు ఉన్నాయని తెలిసి కూడా.

కట్ట మీద ఎవరూ లేరు. పోయాడనుకుంది. కళ్ళ మీది వాన నీళ్ళు తుడుచుకుని కట్ట పొడుగునా చూసింది. తర్వాత దూరంగా నల్ల గొడుగు కనిపించింది. గొడుగు కింద గంప. గంప మీద చొక్కా కప్పి ఉంది. గొడుగు బయట బనీనుతో, వణుకుతూ, నీళ్ళు కారుతున్న జుట్టుతో సాద్.

"డాంగిల్ తడిసింది," అన్నాడు తప్పు చేసినవాడిలా. "ఫోన్లకు చుక్క నీళ్ళు తగలలే. జూడు."

"పిచ్చోనివా? ఆటోల కూసోవచ్చు గదా!"

"ఆటోల గిటోల కూసోవద్దన్నవ్."

యుమ్నా గొడుగు లాక్కుని అతని మీద పట్టింది. గంప కూడా లోపలే ఉండాలి కాబట్టి ఇద్దరూ దగ్గరగా నిలబడక తప్పలేదు. 

"గంపెడు ఫోన్లు ఇచ్చిన గని, నీ నంబరు తీస్కోలే," అంది యుమ్నా.  "నువ్వు ఉన్నవో పోయినవో తెల్వదు నాకు. శుక్రవారం నాందేడ్ పోతవ్. పోయినంక నేను ఏ ఫోను ఛార్జింగ్ పెట్టుకోని కూసోవాలె?"

సాద్ ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. తేలిక మాట చెబితే ఆమె నమ్మదని అతనికి అర్థమైంది.

"నాది తిరిగే కొలువు," అన్నాడు. "పోననైతే చెప్పలేను. అబద్ధమైతది. గని ఆదివారం ఆదివారం అస్త. గీ ఫోన్లోళ్ళ ఊర్లు నా బండి మీద తిరుగుదం. ఒక్కొక్కలకు వాళ్ళ ఫోను చేతుల పెట్టుదం. వాళ్ళ కోసం నువ్వొక్కదానివే ఎందుకు కూసోవాలె?"

యుమ్నా గంప వైపు చూసింది. ఇన్నాళ్ళూ వాళ్ళు రావాలని చూసింది గాని, తనే పోవచ్చని ఎప్పుడూ తోచలేదు.

"ఫోన్లన్ని ఇచ్చేసినంక? ఆదివారాలు కూడ అయిపోతయా?"

"ఆసిఫాబాద్‌ల పలిగిన ఫోన్లు మస్తున్నయి. మా అమ్మీదే ఒకటున్నది. దుకాణం అన్నంక ఒకే ఊర్ల ఉండాల్నా ఏంది?"

"గది పెండ్లి ముచ్చటనా, బ్రాంచి ముచ్చటనా?"

"రెండూ," అన్నాడు సాద్. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. అందులో నవ్వెంతో వణుకెంతో తెలియలేదు.

* * *

దుకాణానికి వచ్చేసరికి బిస్మిల్లా బీ స్టూలు మీద కూర్చుని ఉంది. ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది.

"ఫోన్లు ఎండినయి, మీరిద్దరు తడిసిండ్రు. ఏం సర్వే ఇది?"

సాద్ ఫోను మోగింది. కుమార్. "లెక్క నేను కూడ చూసిన. నీ మాటే నిజం. కార్ఖానా మలుపుల సందు మూయద్దని రాస్తున్న. రోడ్డు దాటే చోటు గక్కడనే. ఒక మనిషిని పెట్టి చేత్తోని లెక్క పెట్టిద్దం. నువ్వు మాత్రం శుక్రవారం నాందేడ్‌ల ఉండాలె."

"విన్నవా నానీ? సందు మూయరంట!" అంది యుమ్నా.

"విన్న. సర్కారు పని అయిపోయింది," అంది బిస్మిల్లా బీ. "ఇగ మన పని. ఏం బేటా, మీ అమ్మీ నంబరు ఎంత?"

సాద్ నీళ్ళు నమిలాడు. "ఎందుకు నానీ?"

"ఎందుకా? గీ పిల్ల నిన్న పొద్దు మూకేదాక అన్నం ముట్టలే. గియ్యాల దుకాణం ఇడిచి వానల ఉరికింది. ఎందుకో నాకు తెల్వదనుకున్నవా? కలుపు ఫోను."

జన్మలో ఫోను పట్టనన్న మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుని, అవతలి మనిషి ఆసిఫాబాద్‌లో ఉంది కాబట్టి అంత దూరమూ వినబడేలా మొదలుపెట్టింది. "అస్సలాం అలైకుం! నేను కరీంనగర్ నుంచి బిస్మిల్లా బీని. మీ పోరడు మంచిగున్నడు, ఫికర్ చెయ్యకుండ్రి. జర తడిసిండు. మా ఇంట్ల ఒక పిల్ల ఉన్నది..."

యుమ్నా అరకు ఆనుకుని నిలబడింది. అవతలివాళ్ళు ఏమంటున్నారో వినబడదు. నానీ ముఖం చూస్తే ఏమీ తెలియదు. "ఆ... ఆ... గట్లనా... అయ్యో, అవును..." అంటోంది. ఒక్కో 'ఆ'కు యుమ్నా కాళ్ళ కింద నేల ఒక్కో రకంగా ఉంటోంది. పక్కన సాద్ బనీను అంచు పిండుతూ నిలబడ్డాడు. పిండిన అంచునే మళ్ళీ పిండుతున్నాడు. అది చూశాక ఎందుకో ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

బిస్మిల్లా బీ ఫోను చేతికిచ్చేసింది. "జుమ్మాకు వస్తరంట."

"జుమ్మాకా? శుక్రవారం నేను నాందేడ్ పోవాలె నానీ!"

"పో. నిన్నెవరు ఆపిండ్రు? వాళ్ళు వచ్చేది పిల్లను చూసేటందుకు. నిన్ను పుట్టినకాన్నుంచి చూస్తనే ఉన్నరు గదా."

సాద్ యుమ్నా వైపు చూశాడు. ఆమె చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తూనే మెట్టు దిగి, కుక్కను దాటుకుని, వానలోనే కుమార్‌కు ఫోన్ కలిపాడు.

"సార్, నాందేడ్ శనివారం పోత," అంటున్నాడు. "లేదు సార్, మిషన్ మంచిగనే ఉన్నది. మా అమ్మీ అస్తుంది."